ఆకాశరేఖలు – ఎదుటి ఖాళీలు: ప్రబంధ పురవర్ణన వెలుగులో నాలుగు నగరాల తులనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

నగరాలను పోల్చే సందర్భాలలో ఇటీవల తరచు వినిపిస్తున్న మాట స్కైలైన్. ఈ పోలిక ఎక్కువగా భవనాల ఎత్తు, అంతస్తుల సంఖ్య ఆధారంగానే జరుగుతోంది. ఎత్తు ఒక్కటే ప్రమాణమైతే నగరాల మధ్య భేదం అంకెల భేదంగా మిగిలిపోతుంది. నగరపు నైసర్గిక స్వరూపం, నిర్మాణాన్ని నియంత్రించే నిబంధన, ఆకాశరేఖను చూడడానికి వీలిచ్చే బహిరంగ స్థలం అనే మూడింటినీ కలిపి చూసినప్పుడే పోలిక సార్థకమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మనుచరిత్ర, ఆముక్తమాల్యద కావ్యాలలోని పురవర్ణనల నుంచి ఈ ప్రమాణాలను గ్రహించి, న్యూయార్క్, లండన్, హాంగ్‌కాంగ్, హైదరాబాదు నగరాలకు అన్వయిస్తుంది. హైదరాబాదు కొత్త ఆకాశరేఖకు చూపుతావులుగా ఉన్న గుట్టలు, చెరువుల భవితవ్యం ఈ చర్చలో కీలకాంశం.

కీలక పదాలు: ఆకాశరేఖ, పురవర్ణన, అభ్రంకషం, చూపుతావు, శిలాసంపద, నగర ప్రణాళిక, తులనాత్మక విమర్శ.

1. ఉపోద్ఘాతం

ఒక నగరాన్ని మెచ్చుకోవడానికి మరొక నగరం పేరు చెప్పడం పరిపాటి. హైదరాబాదు విషయంలో ఈ ఉపమానాలు తరచు మారుతూ వచ్చాయి. బహిరంగ ప్రసంగాలలో ఒకసారి సింగపూరు, మరొకసారి ఇస్తాంబుల్, ఇంకొకసారి డల్లాస్, ఈమధ్య న్యూయార్క్ ఉపమానాలయ్యాయి. నగరానికి పశ్చిమాన వెలసిన ఎత్తయిన భవనాల ఛాయాచిత్రాలు ఈ చివరి ఉపమానానికి ఆధారం. రాత్రి దీపాల వెలుగులో తీసిన ఒక చిత్రాన్ని చూపి, ఇది ఏ నగరమో పోల్చుకోలేమని చెప్పడం ప్రశంసగా చలామణి అవుతోంది.

అలంకారశాస్త్రంతో పరిచయమున్నవారికి ఇక్కడ ఒక సందేహం కలగాలి. ఉపమకు ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అవసరం. "హైదరాబాదు న్యూయార్కులా ఉంది" అన్న వాక్యంలో మొదటి రెండూ ఉన్నాయి, వాచకమూ ఉంది. సమానధర్మం ఏమిటి? ఎత్తు అని వెంటనే సమాధానం వస్తుంది. అయితే ఎత్తయిన భవనాలున్న నగరాలన్నీ ఒకదానినొకటి పోలినవే కావాలి. అలా కావని చూసిన ప్రతివారికీ తెలుసు. కనుక ఎత్తు అసలైన సమానధర్మం కాజాలదు. మరి ఆకాశరేఖలను దేనితో కొలిచి పోల్చాలన్న ప్రశ్నకు సమాధానం వెదకడం ఈ వ్యాస ప్రయోజనం.

2. పదం, భావన

ఆంగ్లంలో స్కైలైన్ అన్న మాటకు మొదట ఉన్న అర్థం నేల, నింగి కలిసే గీత, అంటే దిగంతరేఖ. భవనాల అంచులు ఆకాశం మీద గీసే రూపం అన్న అర్థం 19వ శతాబ్ది చివర, అమెరికా నగరాలలో ఎత్తయిన భవనాలు వచ్చిన కాలంలో స్థిరపడింది. ప్రకృతికి చెందిన గీత పేరును మనిషి కట్టిన గీత తీసుకుంది. ఈ వ్యాసంలో దానికి 'ఆకాశరేఖ' అన్న పదం వాడబడింది.

స్కైస్క్రేపర్‌కు తెలుగులో 'ఆకాశహర్మ్యం' అన్న అనువాదం ప్రచారంలో ఉంది. అయితే మేఘాన్ని ఒరుసుకొనేది అన్న అర్థమిచ్చే 'అభ్రంకషం' అన్న పదం సంస్కృతంలో ఎప్పటినుంచో ఉంది. పాణిని అష్టాధ్యాయి తృతీయాధ్యాయంలో ఈ రూపం సాధించబడింది. గమనించదగిన అంశం ఏమిటంటే, కాశికావృత్తి ఈ పదానికి ఉదాహరణగా చూపినది భవనాన్ని కాదు, కొండను. మేఘాన్ని తాకే అర్హత మొదట కొండది. కవులు తరవాత ఆ విశేషణాన్ని కోటలకు, సౌధాలకు ఆరోపించారు. 'సౌధం' అన్న పదం కూడా మొదట ఎత్తును చెప్పదు. సుధ అంటే సున్నం. సున్నపు పూత కలిగినది సౌధం. అంటే ఈ పదంలో ఉన్నది వెలుగు, తెలుపు. ఈ రెండు పదాల చరిత్ర గుర్తుంటే ఎత్తయిన కట్టడం ఒంటరి వస్తువు కాదని, ఒకవైపు కొండతో, మరొకవైపు వెలుగుతో సంబంధంలో ఊహించబడిందని అర్థమవుతుంది.

3. పురవర్ణనలో ఆకాశరేఖ

దండి కావ్యాదర్శంలో మహాకావ్యానికి చెప్పిన వర్ణనల వరుసలో మొదటిది నగరం. దాని వెంటనే సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయ సూర్యోదయాలు వస్తాయి. అష్టాదశ వర్ణనలుగా స్థిరపడిన ఈ సంప్రదాయాన్ని తెలుగు ప్రబంధకవులు అందిపుచ్చుకొన్నారు. పురవర్ణనలను అతిశయోక్తుల పట్టికలుగా, కవిసమయాల పునరుక్తిగా చూసే ధోరణి ఆధునిక విమర్శలో ఉంది. ఆ ఆక్షేపణలో కొంత నిజమున్నా, ఆ వర్ణనలలోని అమరికను పరిశీలిస్తే వేరొక ప్రయోజనం కనిపిస్తుంది.

అల్లసాని పెద్దన మనుచరిత్రలో అరుణాస్పదపురాన్ని పరిచయం చేసిన పద్యాన్ని తీసుకోవచ్చు. ఆ పురం వరణానది ఒడ్డున ఉంది. కోటగోడ ఆకాశాన్ని ముద్దాడుతున్నది. సౌధాల సున్నపు కాంతి చంద్రునిలోని లేడిని సైతం తెల్లగా చేసింది. పురం భూదేవి కంఠహారంలోని నాయకమణిలా ఉంది. ఇక్కడ ఎత్తుకు కొలత లేదు. ఎన్ని నిలువులో కవి చెప్పలేదు. ఎత్తు ఏం చేసిందో చెప్పాడు. అది చంద్రుని మచ్చను మార్చింది. కవి పురాన్ని నదితో మొదలుపెట్టి, గోడ మీదుగా చంద్రుని వరకు వెళ్ళి, మళ్ళీ నేల మీదికి తెచ్చాడు. నీరు, కట్టడం, వెలుగు, నేల ఒకే వాక్యంలో ఇమిడాయి.

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరు వర్ణన మరొక విధమైనది. ఉద్యానాలలోని కోకిలలు, చిలుకల పలుకులు ప్రతిధ్వనించి, ఇళ్ళ చూరులలో పొదిగిన నీలాల కోకిలలు, పచ్చల చిలుకలే పలుకుతున్నాయన్న భ్రమ కలిగిస్తాయి. బంగారు సౌధాలు మిన్నును రాసుకొంటాయి. ఇక్కడ ఎత్తయిన కట్టడానికి ప్రాణం పోసినది దాని ఎదుట ఉన్న తోట. తోట లేకపోతే చూరులోని మణిపక్షి మూగది. ఎదుటి ఖాళీ నుంచి వచ్చిన ధ్వనే కట్టడానికి గొంతునిచ్చింది.

ఈ రెండు వర్ణనల నుంచి మూడు ప్రమాణాలు గ్రహించవచ్చు. మొదటిది, పురం ఏ నేల మీద, ఏ నీటి ఒడ్డున ఉంది. రెండవది, కట్టడపు ఎత్తు వెలుగుకు, గాలికి, ఇరుగుపొరుగుకు ఏం చేస్తోంది, దాన్ని ఏ కట్టుబాటు నడుపుతోంది. మూడవది, ఆ దృశ్యాన్ని ఎక్కడ నిలబడి చూడగలం. సౌలభ్యం కోసం వీటిని క్రమంగా భూస్వరూపం, నిబంధన, చూపుతావు అనవచ్చు.

అయితే ప్రబంధ ప్రమాణాన్ని విమర్శ లేకుండా స్వీకరించలేం. మనుచరిత్రలో కోట, సౌధాల తరవాత విప్రులు, రాజులు, వర్తకులు, నాలవజాతివారు వరుసగా వస్తారు. పురపు ఔన్నత్యం సామాజిక శ్రేణితో ముడిపడింది. సున్నం గానుగ తిప్పినవారు, కోటరాళ్ళు మోసినవారు ఆ వర్ణనలో లేరు. వారి వైపునుంచి నగరాన్ని చూడడానికి తెలుగు కవిత్వం ఆధునిక యుగం వరకు ఆగవలసివచ్చింది. అలిశెట్టి ప్రభాకర్ ఆంధ్రజ్యోతిలో రాసిన 'సిటీ లైఫ్' మినీ కవితలు హైదరాబాదును బతుకు బరువుతో, కింది నుంచి చూశాయి. కనుక మూడవ ప్రమాణమైన చూపుతావును ఎవరికి అందుబాటులో ఉన్న చూపుతావు అని సవరించి ఉపయోగించవలసి ఉంటుంది.

4. ఇతర నగరాలు

4.1 న్యూయార్క్

న్యూయార్కులో 1846లో పూర్తయిన ట్రినిటీ చర్చి శిఖరం చాలాకాలం నగరపు ఎత్తుకు గుర్తుగా నిలిచింది. 1890లో ఒక వార్తాపత్రిక కార్యాలయమైన వరల్డ్ బిల్డింగ్ దాన్ని దాటింది. దైవానికి చెందిన ఎత్తును వ్యాపారం అధిగమించిన సందర్భంగా దీన్ని భావించవచ్చు. 1915లో పూర్తయిన 38 అంతస్తుల ఈక్విటబుల్ బిల్డింగ్ తన స్థలాన్ని వీధి అంచు వరకు ఆక్రమించి నిటారుగా లేచింది. దాని నీడ చుట్టుపక్కల వీధులను, భవనాలను కమ్మింది. ఆ వివాదం 1916 నాటి జోనింగ్ తీర్మానానికి ఊపునిచ్చింది. కొంత ఎత్తు దాటిన తరవాత భవనం వెనక్కి జరుగుతూ పోవాలని, స్థలంలో నాలుగో వంతు మేర మాత్రం ఎంత ఎత్తయినా లేపవచ్చని ఆ నిబంధన చెప్పింది. 1931లో పూర్తయిన 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మెట్లమెట్లుగా సన్నబడుతూ పోవడానికి కారణం ఈ నిబంధనే. శిల్పి కల్పనగా కనిపించే రూపం నిజానికి వీధికి ఎండ మిగల్చడం కోసం రాసిన ఒక నియమపు ఆకృతి.

మన్‌హట్టన్ గట్టి రాతిపొర మీద ఉంది కనుకనే అక్కడ ఎత్తయిన భవనాలు రెండు చోట్ల గుమిగూడాయని ప్రచారంలో ఉన్న వివరణను ఆర్థిక చరిత్ర పరిశోధకులు ప్రశ్నించారు. వ్యాపార కేంద్రాలు, రవాణా, భూమి విలువలే అంతకన్నా బలమైన కారణాలని వారు చూపారు. నేల అవకాశమిస్తుంది, నిర్ణయం మాత్రం మనుషులదే.

ఈ ఆకాశరేఖను చూసే చోటు నగరం లోపల కన్నా బయట ఎక్కువ. న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగువారికి మన్‌హట్టన్ మొదట హడ్సన్ నది అవతలి ఒడ్డున కనిపించే దృశ్యం. ఈస్ట్ నది వైపు బ్రూక్లిన్ హైట్స్‌లో ఉన్న విహారవీథి నుంచి కనిపించే దృశ్యాన్ని 1974లో ప్రత్యేక దృశ్యమండలంగా ప్రకటించి, దానికి అడ్డు రాకుండా నియమం చేశారు. ఆకాశరేఖకు మారుపేరైన నగరం కూడా దాన్ని చూసే చోటును చట్టంలో రాసుకొంది. మరోవైపు సెంట్రల్ పార్కు దక్షిణాన ఇటీవల లేచిన సన్నని, అతిఖరీదైన నివాస భవనాల నీడలు పార్కు మీద పడుతున్నాయన్న విమర్శ 1915 నాటి వివాదాన్నే మళ్ళీ ముందుకు తెచ్చింది.

4.2 లండన్

1666 అగ్నిప్రమాదం తరవాత క్రిస్టఫర్ రెన్ రూపకల్పనలో నిర్మితమైన సెయింట్ పాల్స్ కెథెడ్రల్ సుమారు 111 మీటర్ల ఎత్తుతో 1960ల వరకు లండన్ ఆకాశరేఖకు శిఖరంగా ఉంది. 1894 నాటి భవన నిర్మాణ చట్టం సాధారణ భవనాల ఎత్తును 80 అడుగులకు పరిమితం చేయడం ఇందుకు తోడ్పడింది. 1930లలో ఫారడే బిల్డింగ్ నది వైపునుంచి కెథెడ్రల్‌ను కప్పివేయడంతో ఆందోళన మొదలై, ఆ దశాబ్దం చివర 'సెయింట్ పాల్స్ హైట్స్' అన్న విధానం రూపొందింది. 1940 డిసెంబరు 29 రాత్రి బాంబుదాడుల పొగలో ఆ గుమ్మటం నిలిచి కనిపించిన ఛాయాచిత్రం దానిని నగరపు ధైర్యానికి గుర్తుగా మార్చింది.

లండన్ పద్ధతిలోని విశేషం కట్టడంతోపాటు చూపును కాపాడడం. రిచ్‌మండ్ పార్కులోని కింగ్ హెన్రీ గుట్ట నుంచి సుమారు 16 కిలోమీటర్ల దూరాన ఉన్న గుమ్మటం కనబడే చూపుగీత రక్షిత దృశ్యం. 2014లో పూర్తయిన లెడెన్‌హాల్ భవనం ఒకవైపు వాలుగా ఉండడానికి ఫ్లీట్ స్ట్రీట్ నుంచి కెథెడ్రల్‌ను చూసే దృశ్యానికి అడ్డు రాకపోవడం ప్రధాన కారణం. అంటే లండన్ ఆకాశరేఖలో కొన్ని ఎత్తులు కనిపించని గీతల వల్ల రూపుదిద్దుకొన్నాయి. ఈ విధానం మీద విమర్శలూ ఉన్నాయి. ఎత్తును అడ్డుకొంటే ఇళ్ళు తగ్గుతాయని, అద్దెలు పెరుగుతాయని పట్టణ ఆర్థికవేత్తలు వాదిస్తారు. దృశ్యరక్షణ ఉచితంగా రాదన్నది ఒప్పుకోవలసిన వాస్తవం.

4.3 హాంగ్‌కాంగ్

హాంగ్‌కాంగ్ ఆకాశరేఖకు రెండు అంచులున్నాయి. ముందు భవనాల అంచు, వెనుక కొండల అంచు. 552 మీటర్ల విక్టోరియా శిఖరం ఈ కొండల వరుసలో ప్రసిద్ధమైనది. నగర ప్రణాళికా మార్గదర్శకాల ప్రకారం, ఎంపిక చేసిన బహిరంగ స్థలాల నుంచి చూసినప్పుడు కొండ అంచుకు దిగువన ఉన్న 20 శాతం మేర భవనాలు అడ్డురాకుండా ఉండాలి. చిమ్‌షాచుయి సాంస్కృతిక ప్రాంగణం అటువంటి చూపుతావులలో ఒకటి. ఇది చట్టం కాదు, మార్గదర్శకం. కొన్ని ప్రముఖ భవనాలు దీన్ని దాటిపోయాయి. అయినా 'ఇక్కడ నిలబడి చూడు, అక్కడ కొండ కనబడాలి' అని ఒక నగరం కాగితం మీద రాసుకోవడం గమనించదగినది.

ఆ కొండను చూడాలంటే మధ్యలో ఓడరేవు నీరు మిగలాలి. సముద్రాన్ని పూడ్చి భూమిని పెంచుకొన్న నగరమిది. 1997లో వచ్చిన ఓడరేవు రక్షణ చట్టం ఆ పూడికకు అడ్డుకట్ట వేసింది. 2004లో అత్యున్నత న్యాయస్థానం, ప్రజావసరం తప్పనిసరి అని రుజువైతే తప్ప పూడ్చరాదని ఆ చట్టానికి గట్టి అర్థం చెప్పింది. 1998లో కై టాక్ విమానాశ్రయం మూతపడ్డాక కౌలూన్ వైపు ఎత్తుల పరిమితులు సడలాయి. 2010లో పూర్తయిన 484 మీటర్ల అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం ఆ వైపు ఆకాశరేఖను మార్చివేసింది. 2003 నాటి సార్స్ వ్యాధి అనుభవం తరవాత, గోడలా వరుసగా నిలిచిన భవనాలు వీధులకు గాలి అందకుండా చేస్తున్నాయన్న చర్చ బలపడి, భారీ నిర్మాణాలకు గాలి ప్రసారాన్ని మదింపు చేసే పద్ధతి వచ్చింది.

5. హైదరాబాదు

5.1 భూస్వరూపం

హైదరాబాదు మొదటి ఆకాశరేఖ రాతిది. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసున్న గ్రానైటు శిలలు ఎండకు, వానకు అరిగి, ఒకదానిమీద ఒకటి నిలబెట్టినట్లున్న గుండ్లుగా మిగిలాయి. పాత నగరం ఎత్తును సంపాదించింది చాలావరకు ఈ గుట్టల నుంచే. గోల్కొండ కోట, మౌలాలి గుట్ట మీది దర్గా, కొండ మీది ఫలక్‌నుమా భవనం, నౌబత్ పహాడ్ మీద 1976లో వెలసిన బిర్లా మందిరం ఇందుకు నిదర్శనాలు. మతాలు, కాలాలు వేరైనా నిర్మాణసూత్రం ఒక్కటే. ఎత్తును రాయి ఇచ్చింది, కట్టడం దాన్ని స్వీకరించింది. కాశికావృత్తి చెప్పిన అభ్రంకషం ఇక్కడ నిజంగానే కొండ.

1591లో నిర్మితమైన చార్మినార్ ఇందుకు భిన్నమైనది. అది సమతలం మీద, నాలుగు దారుల కూడలిలో లేచింది. దాని ఎత్తు దారుల వెంట వచ్చేవారి కోసం ఉద్దేశించినది. 1908 మూసీ వరదల తరవాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ కాలంలో నది ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు వచ్చాయి. నదికి అడ్డంగా చూసినప్పుడు అవి ఎదురెదురుగా నిలిచి, నీటి వెంట ఒక ఆకాశరేఖను ఏర్పరచాయి. వరణాతటంలోని అరుణాస్పదపురానికి దగ్గరగా వచ్చిన హైదరాబాదు దృశ్యం ఇదే.

5.2 నిబంధన

పశ్చిమ దిశగా నగరం ఎదగడానికి 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ ఒక ప్రారంభసూచిక. ఆ ప్రాంతం నగర మధ్యంలోని బేగంపేట విమానాశ్రయానికి దూరంగా ఉండడం వల్ల ఎత్తుకు అవకాశం ఎక్కువైంది. కౌలూన్‌లోనూ, ఇక్కడా విమానం దారి భవనాల ఎత్తును నిర్ణయించిన శక్తులలో ఒకటి. అయితే ఇక్కడి ఆకాశరేఖకు అసలు మలుపు 2006 మార్చిలో వెలువడిన 86వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు. స్థల విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని పక్కన పెట్టి, ముందున్న రోడ్డు వెడల్పును, చుట్టూ వదిలే ఖాళీని బట్టి ఎత్తును అనుమతించే పద్ధతిని అది తెచ్చింది. ముంబయి 1964 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ చట్రంలో నడుస్తుండగా హైదరాబాదు అందుకు భిన్నమైన దారి పట్టింది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం ధర వంద కోట్ల రూపాయలు దాటింది. అంత ధర పెట్టిన భూమి మీద యాభై అంతస్తులు దాటిన భవనాలు రావడం ఆశ్చర్యం కాదు. న్యూయార్క్ నిబంధన వీధికి ఎండ ఎంత అని అడిగింది. హైదరాబాదు నిబంధన ముందున్న రోడ్డు ఎంత అని అడిగింది. రెండింటి ఫలితాలు పైకి ఒకేలా కనబడినా ప్రశ్నలు వేరు.

5.3 చూపుతావు

కొత్త హైదరాబాదు ఆకాశరేఖను చూపే ఛాయాచిత్రాలను పరిశీలిస్తే అవి ఎక్కువగా కొన్ని చోట్ల నుంచే తీసినవని తెలుస్తుంది. ఖాజాగూడ గుట్టలు, దుర్గం చెరువు, 2020లో ప్రారంభమైన దాని మీది తీగల వంతెన, గోల్కొండ కోట పైభాగం వాటిలో ముఖ్యమైనవి. అంటే అద్దాల భవనాలు దృశ్యంగా మారడానికి ఆధారం వాటి ఎదుట ఇంకా మిగిలివున్న రాయి, నీరు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు నీరిచ్చిందని చెప్పే దుర్గం చెరువే నేడు ఐటీ భవనాలకు అద్దంగా ఉంది.

ఇక్కడే ఈ చర్చలోని అసలు సమస్య ఉంది. ఏ గుట్టల మీద నిలబడి ఈ భవనాలను చూస్తున్నారో ఆ గుట్టలనే పగలగొట్టి నగరం విస్తరిస్తోంది. రాయదుర్గం, మణికొండ, కొండాపూర్ అన్న ఊళ్ళ పేర్లలో దుర్గం, కొండ నిలిచి ఉన్నాయి. నేల మీద వాటి స్థానం మాత్రం ఏటికేడు తగ్గుతోంది. శిలల రక్షణ కోసం 1996లో ఒక పౌరసంస్థ ఏర్పడింది. కొన్ని శిలాసమూహాలు వారసత్వ జాబితాలో చేరాయి. అదే సంవత్సరం వచ్చిన 111వ నంబరు ఉత్తర్వు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను నియంత్రించింది. దాని ఉద్దేశం తాగునీటి రక్షణ. అయినా నగరానికి ఒక విశాలమైన తెరపి కూడా దానివల్ల మిగిలింది. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

కట్టడాల రక్షణలో భారతీయ చట్టం అనుసరించే పద్ధతిని లండన్ పద్ధతితో పోల్చితే ఒక ముఖ్యభేదం తేలుతుంది. 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్ల వరకు నిర్మాణం నిషిద్ధం, ఆపైన రెండువందల మీటర్లు నియంత్రితం. ఇది కట్టడం చుట్టూ గీసిన వలయం. లండన్‌లో ఉన్నది చూసేవాడి కంటి నుంచి కట్టడం వరకు గీసిన గీత. వలయం కట్టడానికి భద్రతనిస్తుంది. గీత కట్టడాన్ని చూసే పౌరునికి హక్కునిస్తుంది. గోల్కొండ కోటకు మన చట్టంలో వలయం ఉంది. కోట నుంచి నగరాన్ని చూసే చూపుకు గాని, దూరం నుంచి కోటను చూసే చూపుకు గాని ఆ వలయం దాటితే రక్షణ లేదు.

6. తులన

మూడు ప్రమాణాలతో నాలుగు నగరాలను కలిపి చూడవచ్చు. భూస్వరూపం దృష్ట్యా హైదరాబాదుకు దగ్గరి బంధువు న్యూయార్క్ కాదు, హాంగ్‌కాంగ్. రెండింటిలోనూ కొండ అంచు, భవనపు అంచు ఒకే ఆకాశాన్ని పంచుకొంటాయి. రెండింటిలోనూ నీరు అద్దంలా పనిచేస్తుంది. అయితే హాంగ్‌కాంగ్ కొండలు భవనాల కన్నా ఎత్తయినవి, కనుక కొంతవరకు తమను తాము కాపాడుకోగలవు. హైదరాబాదు గుట్టలు పొట్టివి. నిబంధన తోడులేకపోతే అవి నిలవలేవు.

నిబంధన దృష్ట్యా న్యూయార్క్ వెలుగును, లండన్ చూపును, హాంగ్‌కాంగ్ కొండ అంచును, గాలిని ప్రమాణాలుగా తీసుకొన్నాయి. హైదరాబాదు రోడ్డు వెడల్పును తీసుకొంది. రోడ్డు ప్రమాణం అగ్నిమాపక వాహనాల రాకపోకలకు, రద్దీకి సంబంధించి సహేతుకమైనదే. ఎత్తును నిరోధించకపోవడం వల్ల ఇళ్ళ సరఫరాకు అవకాశం పెరిగిందన్న వాదనలోనూ బలముంది. కాని రోడ్డు ప్రమాణానికి ఆ పక్కనున్న గుట్ట కనబడదు.

చూపుతావు దృష్ట్యా మిగిలిన మూడు నగరాలు ఏదో ఒక రూపంలో, చట్టంగానో, విధానంగానో, మార్గదర్శకంగానో, సామాన్యుడు నిలబడే చోటును పేర్కొన్నాయి. విహారవీథి, పార్కు గుట్ట, ఓడరేవు ఒడ్డు టిక్కెట్టు లేకుండా ఎవరైనా చేరగల స్థలాలు. హైదరాబాదులో అటువంటి చోట్లు ప్రకృతి, చరిత్ర ఇచ్చినవి ఉన్నాయి. వాటిని చూపుతావులుగా గుర్తించే భాష ఇంకా రాలేదు. అది రాకపోతే ఆకాశరేఖ పై అంతస్తుల కిటికీలు కొనుక్కున్నవారికే మిగిలే దృశ్యమవుతుంది. సౌధాగ్రం నుంచి చూసిన ప్రబంధనగరం చేసిన పొరపాటే మళ్ళీ జరుగుతుంది.

ఈ కోణం నుంచి చూస్తే "న్యూయార్కులా ఉంది" అన్న ఉపమలోని లోపం స్పష్టమవుతుంది. అది ఉపమానంలోని భవనాలను తీసుకొని, వాటి ఎదుటి నదులను, మధ్యలోని పార్కును, 1916 నియమాన్ని వదిలేసింది. సమానధర్మం సగమే చెప్పిన ఉపమ అది. పైగా ఏ నగరమో గుర్తుపట్టలేకపోవడాన్ని ప్రశంసగా భావించడం పురవర్ణన స్వభావానికే విరుద్ధం. కవిసమయాలు సమానమైనా విల్లిపుత్తూరుకు దాని తోట, అరుణాస్పదానికి దాని నది ఉన్నాయి.

7. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ఆకాశరేఖల పోలికకు ఎత్తు చాలిన ప్రమాణం కాదు. భూస్వరూపం, నిబంధన, చూపుతావు కలిసినప్పుడే నగరాల మధ్య నిజమైన సామ్యభేదాలు తెలుస్తాయి.

2. ప్రబంధ పురవర్ణనలు అతిశయోక్తిమయాలైనా, ఎత్తును నీటితో, తోటతో, వెలుగుతో ముడిపెట్టి చూపిన పద్ధతి నేటి నగరవిమర్శకు ఉపకరిస్తుంది. వాటిలోని సామాజిక శ్రేణిని మాత్రం ఆధునిక కవిత్వ దృష్టితో సవరించుకోవాలి.

3. హైదరాబాదు కొత్త ఆకాశరేఖకు ఆధారం దాని గుట్టలు, చెరువులు. అవి తొలగితే భవనాలు మిగిలినా వాటిని ఆకాశరేఖగా చూసే చోటు మిగలదు.

4. కట్టడాల చుట్టూ వలయాలకు తోడుగా, ఖాజాగూడ గుట్టలు, గోల్కొండ, దుర్గం చెరువు, మూసీ వంతెనల వంటి బహిరంగ స్థలాల నుంచి చూపుగీతలను గుర్తించే ప్రయత్నం అవసరం. తెలుగు కావ్యాలలోని పురవర్ణనలపై, నగర కవిత్వంపై పరిశోధన చేసేవారు కూడా ఈ పనికి తోడ్పడగలరు. ఏ కాలంలో, ఏ చోటు నుంచి, ఎవరు ఈ నగరాన్ని చూశారన్నది సాహిత్యంలో నమోదై ఉంది.

భవనాన్ని కూల్చి మళ్ళీ కట్టవచ్చు. 250 కోట్ల సంవత్సరాల గుండును పగలగొట్టాక తిరిగి నిలబెట్టే విధానం ఏదీ లేదు. నగరాల ఆకాశరేఖలను పోల్చేవారు భవనాల పట్టికతో పాటు, ఒక్కొక్క నగరం తన ఎదుట ఏ ఖాళీని మిగుల్చుకొందో ఆ పట్టికను కూడా తయారుచేయవలసి ఉంది.